కుదరదు గారి లేతు

మా అక్క మొగుడికి ఫ్యాక్టరీలో పెట్టిన పేరు కుదరదు గారు. అసలు పేరుతో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ పని పడలేదు. ఆయన ఉద్యోగం తనిఖీ. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా లేతుల దగ్గర నిలబడి మనుషులు చేసిన లోహపు ముక్కల్ని ఈయన ఫ్యాను కింద కూర్చుని మైక్రోమీటరుతో కొలిచేవాడు. కొలత తప్పినదాని మీద ఎర్రరంగు చుక్క పెట్టేవాడు. ఆ చుక్క పడ్డ ముక్క ఇంకే యంత్రంలోకీ పోకూడదు, తిన్నగా కొలిమిలోకి పోయి కరిగిపోవాల్సిందే. ఎంత తేడా వచ్చింది సార్, ఏం చేస్తే సరిపోతుంది సార్ అని చేసినవాడు బతిమాలినా వివరణ ఇచ్చే అలవాటు ఆయనకి లేదు. "కుదరదు" అనేసి తర్వాతి ముక్క అందుకునేవాడు.

అంతటి పదవి చేసి రిటైరైన మనిషి ఇంట్లో మామూలుగా ఎలా ఉంటాడు? మా ఇంటికొస్తే గోడ మీద ఫోటో వంకర సరిచేస్తే గానీ కూర్చోడు. మా ఆవిడ కోసిన రొట్టె ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం అని చెప్తాడు, రెండూ తిన్నాక. నాకైతే చూసిన మొదటి రోజే మనసులో చుక్క పెట్టేశాడు. నాది ఫోటోస్టాట్ షాపు. ఏదీ సొంతంగా తయారుచేయకుండా ఉన్నదాన్నే మళ్ళీ దించి బతికేవాడినని ఆయన ఉద్దేశం. మరి మీరేం తయారుచేశారు బావా అని నేనెప్పుడూ అడగలేదు. అక్క కాపురం కదా అని నోరు కట్టుకున్నాను.

నేను అడగకపోయినా ఆ ప్రశ్న ఆయన్ని లోపల్నించి తొలుస్తూనే ఉన్నట్టుంది. ఒకరోజు ఇంటికి లేతు తెప్పించాడు. కడ్డీని గిర్రున తిప్పుతూ ఉక్కు మొనతో చెక్కే యంత్రం. ఫ్యాక్టరీలో ఉండేవి గదంత ఉంటాయి. ఇది సరదాకి ఇంట్లో పెట్టుకునే రకం, మేకపిల్లంత ఉంది. బరువు మాత్రం దున్నపోతుది. ఎందుకూ పనికిరాని నేను దాన్ని మోయడానికి మాత్రం భేషుగ్గా పనికొచ్చాను.

వెనక గదిలో బట్టలుతికే మిషను ఉండేది. దాన్ని హాల్లోకి గెంటి, టీవీ పక్కన నిలబెట్టి, ఆ గదిని వర్క్‌షాపు అన్నాడు. పెట్టె విప్పకముందే గోడకి ఒక పలక కొట్టి దాని మీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి రిజెక్టయిన ముక్కలు పడేయడానికి పాత నూనె డబ్బా. రెండోది చిన్న ఎర్రరంగు డబ్బా, పక్కన కుంచె. లేతు ఇంకా గ్రీజులో, కాగితాల్లో చుట్టుకునే ఉంది. చేసే పని ఏమిటో తెలియకముందే చెడగొట్టే ఏర్పాట్లు పూర్తయ్యాయి.

ఆ రోజుల్లోనే మా అక్క కుట్టు మిషను పాడైంది. కాళ్ళతో తొక్కే పాత మిషను. కింద పెద్ద చక్రం ఉంటుంది కదా, ఆ చక్రం నడుములో ఇత్తడి బుష్ ఒకటి ఉంటుంది. ఉంగరం కంటే కాస్త పొడుగు, గొట్టం ముక్కలాంటిది. దానిలోంచే ఇరుసు పోతుంది. అది అరిగిపోయి, తొక్కినప్పుడల్లా చక్రం ఇటూ అటూ ఊగి బెల్టును కింద పడేస్తోంది. రిపేరు చేసేవాడు వచ్చి చూశాడు.

"ఈ మోడలుకి ఇప్పుడు సామాన్లు దొరకవమ్మా. లేతు షాపులో ఇస్తే సాయంత్రానికల్లా చేసి పెడతారు. తీసుకెళ్ళమంటారా?"

బావ వెనక గదిలోంచి గ్రీజు చేతులతో వచ్చాడు. "ఇంట్లో లేతు పెట్టుకుని వీధిలో లేతుకి పంపిస్తారా ఎవరైనా? నలుగురూ వింటే నవ్విపోతారు. నేను చేస్తాను."

"ఎప్పటికండీ?" అంది అక్క.

"సెట్టింగ్ అయిపోగానే."

ఆ మాట నమ్మి అక్క రిపేరువాణ్ణి పంపేసింది. అప్పుడే బడికి సెలవులిచ్చారు. బడి తెరిచేలోగా మా వీధి పిల్లల యూనిఫారాలన్నీ అక్కే కుట్టాలి. ఏడాది పొడుగునా చిల్లర పనులే అయినా ఆ సెలవుల్లో మాత్రం ఆవిడకి తల ఎత్తడానికి తీరిక ఉండదు. ఇది నా పని, నా సంపాదన అని ఆవిడ గట్టిగా చెప్పుకునేది ఆ ఒక్క సీజను గురించే. గుడ్డ మూటలు అప్పటికే వచ్చి మంచం కిందకి చేరాయి.

ఇక సెట్టింగ్ సంగతి. ముందు గ్రీజు వదిలించాలి. కిరసనాయిలు పోసి, అక్క దాచుకున్న పాత దుప్పట్లు చింపి, లేతుకి పసిపిల్లకి పోసినట్టు స్నానాలు పోశాడు. తర్వాత దాన్ని సమంగా కూర్చోబెట్టాలి. నీటిబుడగ ఉండే లెవలు దాని మీద పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా బల్ల కాళ్ళ కింద రేకులు దోపాడు. బుడగ నడిమికి వచ్చింది. వీధిలో ఒక లారీ పోయింది. బుడగ జరిగిందన్నాడు. మళ్ళీ మొదట్నుంచీ. ఇంకో లారీ పోయింది. ఊళ్ళో లారీలన్నీ ఆయన మీద కక్షకట్టి మా అక్క వాళ్ళ వీధిలోంచే తిరుగుతున్నాయని ఆయన నమ్మకం.

లెవలు అయ్యాక టూళ్ళు. టూలంటే లోహాన్ని చెక్కే ఉక్కు ముక్క. దాన్ని నూరడానికి గ్రైండరు కావాలన్నాడు. గ్రైండరుకి స్టాండు కావాలన్నాడు. స్టాండు వచ్చాక దాన్నీ లెవలు చేశాడు. తీరా నూరిన టూలు బిగించబోతే దాని మొన ఉండాల్సిన ఎత్తులో లేదు. తిరిగే కడ్డీకి సరిగ్గా నడిమధ్య ఎత్తులో ఉండాలట. కిందికుంటే కడ్డీ టూలు నెత్తిన ఎక్కి కూర్చుంటుందట, పైకుంటే చెక్కకుండా ఊరికే రుద్దుతుందట. అందుకని టూలు కింద సన్నటి రేకులు పెట్టి లేపుతారు. పేరున్న పనివాళ్ళు కూడా అలాగే చేస్తారు, అందులో నవ్వడానికేం లేదు. ఆ రేకులు ఎక్కడినుంచి వచ్చాయన్నదే సంగతి.

ఒకరోజు పొద్దున వంటింట్లోంచి అక్క కేకేసింది. "ఏవండీ, పంచదార డబ్బా మూతేది?"

"దాని మందం బ్రహ్మాండంగా ఉంది!" అని వెనక గదిలోంచి జవాబొచ్చింది.

తర్వాత టీ పొడి మూత పోయింది. బిస్కెట్ల డబ్బా మూత పోయింది. అగ్గిపెట్టెలు పెట్టుకునే డబ్బా మూత కూడా పోయింది. ఆయన వాటిని పట్టీలుగా కోసి, ఒక్కో టూలుకి ఒక్కో కట్టగా అక్క దారపు రీళ్ళలోంచి తెంపిన దారంతో కట్టి, వరసగా మేకులకి వేలాడదీశాడు. వంటింట్లో చీమలు పండగ చేసుకున్నాయి. అక్క డబ్బాలన్నిటికీ గుడ్డ ముక్కలు కట్టింది.

నన్ను పిలిచి చూపించాడు కూడా. కడ్డీకీ టూలు మొనకీ మధ్య స్టీలు స్కేలు నిలువుగా నొక్కిపెట్టాడు.

"చూడవోయ్. స్కేలు తల నీవైపు వాలితే టూలు కిందికుందని అర్థం. అటు వాలితే పైకుందని. నిటారుగా నిలబడిందా, అదీ సెంటరు."

స్కేలు నిటారుగానే నిలబడింది.

"నిలబడింది కదా బావా, ఇక బుష్ మొదలుపెట్టండి."

ఆయన స్కేలు వైపు ఒక కన్ను మూసి చూశాడు. "కొద్దిగా నీవైపు ఉంది. కుదరదు."

నాకు స్కేలు కనిపించిందే గానీ వంకర కనిపించలేదు. అప్పుడే నాకో అనుమానం వచ్చింది. ఈయనకి తొందర లేకపోవడం కాదు, భయం. సెట్టింగ్ జరుగుతున్నంత కాలం ఏ ముక్కా తయారు కాదు. ముక్క తయారు కాకపోతే తనిఖీ ఉండదు. తనిఖీ చేసేది ఎవరో, ఎంత కనికరం లేనివాడో ఈ లోకంలో అందరికంటే బాగా ఎరిగినవాడు ఆయనే.

ఈలోపు మూటలు వెనక్కి పోవడం మొదలైంది. ముందు మూలింటి ఆవిడ వచ్చి, "తొందర పెడుతున్నానని కాదండీ, మా వాడికి వేరే చోట కొలతలిచ్చేశాం" అని నవ్వుతూనే గుడ్డ తీసుకుపోయింది. తర్వాత టీచరమ్మ వచ్చింది. ఆవిడ ముగ్గురు పిల్లల బట్టలకీ అక్క అప్పటికే సుద్దతో గీతలు గీసి పెట్టుకుంది. నేను వెళ్ళేసరికి అక్క గుమ్మం దగ్గర కూర్చుని ఆ గీతలన్నీ దులిపి, గుడ్డ మడతపెట్టి ఇస్తోంది. మా అక్క ఎవరి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి కాదు. ఆ రోజు ముక్కు చీదుతూ, సుద్దపొడి పడటం లేదురా అంది. లోపలికెళ్ళి లేతునీ దాని యజమానినీ కలిపి రిజెక్టు డబ్బాలో పడేద్దామనిపించింది.

నేను నోరు తెరిచేలోపు అక్కే వెనక గది గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ. ఇంకా సగం మూటలు మిగిలాయి. రేపు బుష్ వస్తే అవి దక్కుతాయి. లేదంటే ఎల్లుండి ఆ చక్రం ఊడబీకి నేనే నెత్తిన పెట్టుకుని లేతు షాపుకి పోతా. వీధంతా చూడనీండి."

బావ చేతిలో ఉన్న రేకు ముక్క వైపు చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు లేతు నిజంగానే తిరిగింది. నన్ను కూడా ఉండమన్నాడు, సాక్షికో సాయానికో చెప్పలేదు. కళ్ళద్దాలు, అక్క కుట్టిచ్చిన నడుము గుడ్డ, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి. ఇత్తడి కడ్డీ బిగించాడు. టూలు తాకించాడు. పసుపుపచ్చటి పొట్టు చిటపటమంటూ ఎగిరిపడింది. నేను ఎగతాళి చేయడానికే వెళ్ళాను గానీ ఉన్నమాట చెప్పాలి, ఆయన చేతులు చాలా ముచ్చటగా కదిలాయి. నడిమిన రంధ్రం వేశాడు, అక్క పీకి ఇచ్చిన ఇరుసు దానిలో దూర్చి చూశాడు. నూనె రాసినట్టు జారింది. ఇరుసు తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు. అక్క పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మొహాన అలాంటి నవ్వు నేను చూడలేదు, పెళ్ళి ఫోటోలో కూడా.

ఇక బుష్ బయటి వైపు. చక్రంలో బిగుతుగా కూర్చునేలా మందం కాస్త తగ్గించాలి. కొలిచాడు. ఎంత తగ్గాలో పైకి చెప్పుకున్నాడు. టూలుని లోపలికి జరిపే డయలు మీద సరిగ్గా అన్ని గీతలు తిప్పాడు. టూలు ఆ చివరి నుంచి ఈ చివరికి పోయింది. లేతు ఆపి మైక్రోమీటరు పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు.

"ఏమైంది బావా?"

"గుండ్రటి ముక్క కదా. టూలు ఒక గీత లోపలికి పోతే ముక్క రెండు పక్కలా తగ్గుతుంది." మైక్రోమీటరు బల్ల మీద పెట్టేశాడు. "సగమే తిప్పాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు చేసే తప్పు ఇది. ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి వాయించేవాణ్ణి."

"ఎంత తగ్గింది?"

"వెంట్రుకవాసి కంటే కొంచెం ఎక్కువ."

"వెంట్రుక ఎవరు చూస్తారు బావా? పెట్టేయండి."

నావైపు ఒక చూపు చూశాడు. రంగు డబ్బా మూత తీశాడు. కుంచె ముంచి, తన చేత్తో తాను జీవితంలో మొట్టమొదటిసారి చేసిన వస్తువు మీద ఎర్రచుక్క పెట్టాడు. నూనె డబ్బాలో అది టంగుమని పడింది. కొత్త ముక్క చేద్దామంటే ఇత్తడి కడ్డీ అయిపోయిందన్నాడు, తెస్తానంటే వద్దన్నాడు. సాయంత్రం బస్సుకి, మనసు బాగోలేదని, పక్క ఊళ్ళో కూతురింటికి వెళ్ళిపోయాడు. అక్క గురించీ, మూటల గురించీ ఒక్క మాట లేదు. ఇంత గొప్ప దుఃఖంలో అలాంటి చిన్న విషయాలు గుర్తుండవు కాబోలు.

మర్నాడు అక్క నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, షాపు మూసి రా. టార్చి పట్టుకోవాలి."

వెళ్ళేసరికి కుట్టు మిషను కింద చాప పరిచి ఉంది. ఎర్రచుక్క బుష్ అక్క అరచేతిలో ఉంది.

"అది రిజెక్టు కదే," అన్నాను.

"వదులుగా ఉందట కదా. వదులుగా ఉన్న చొక్కాని పారేస్తారా? లోపల మడత వేస్తారు." కత్తెరతో కోసిన సన్నటి రేకు పట్టీని బుష్ చుట్టూ ఒక చుట్టు చుట్టి చక్రంలోకి నెట్టింది. కాస్త మొరాయించింది. చెక్క సుత్తితో రెండు తట్లు తట్టింది. "మీ బావ ఇన్నాళ్ళూ ఆ గదిలో చేసిందేమిటి? ఎత్తు చాలని చోట రేకు పెట్టడమే కదా. ఆయన్ని చూసే నేర్చుకున్నాను."

బెల్టు వేసి తొక్కింది. చక్రం ఊగలేదు. అక్క ఇంకొంచెం జోరుగా తొక్కింది, తర్వాత ఇంకా జోరుగా. నేను టార్చి పట్టుకుని కింద పడుకునే ఉన్నాను. పైనుంచి ఆవిడ నవ్వు వినిపించింది.

బావ తిరిగొచ్చేసరికి మిగిలిన మూటల్లో చాలావరకు చొక్కాలూ గౌన్లూ అయి దండెం మీద వేలాడుతున్నాయి. మధ్యాహ్నం వేళ. గుండీలు సైజుల వారీగా వేరుచేస్తూ నేనూ అక్కడే ఉన్నాను. గుమ్మంలోకి రాగానే మిషను చప్పుడు విని ఆయన సంచీ దించకుండా నిలబడిపోయాడు.

"లేతు షాపుకి పంపించావన్నమాట," అన్నాడు. కోపంగా కాదు. కోపమైతే నాకు హాయిగా ఉండేది. నీరుకారిపోయి అన్నాడు. "మంచి పనే చేశావులే. వాడికి చేతనవుతుంది."

"కిందికి వంగి చూడండి," అంది అక్క, కుట్టు ఆపకుండా.

నేను టార్చి అందించాను. ఆ వయసులో నేల మీద చతికిలబడి చక్రం కిందికి తల దూర్చాడు. వెలుగులో చక్రంతో పాటు ఎర్రచుక్క గిర్రున తిరుగుతోంది.

"ఆపు! ఆపవే! ఇది నేను రిజెక్టు చేసింది!"

"తెలుసు. చుక్క ఉందిగా."

"చుక్క పెట్టిన ముక్క మిషనులోకి పోకూడదు. అది రూలు."

"ఫ్యాక్టరీలో. ఇది నా మిషను. దీనికి తనిఖీ నాది." అప్పుడు తొక్కడం ఆపింది. "దీని మీద కుట్టినవి ఇవన్నీ. ఒక్క కుట్టు వంకర ఉంటే చూపించండి, మీరు చెప్పినట్టే ఊడదీస్తాను."

ఆయన నిజంగానే లేచి చూశాడు. చూడకుండా ఉండగలడా? దండెం మీద చొక్కాలన్నిటినీ ఒక్కొక్కటే తిప్పి, కాలర్లు లాగి, కుట్లు వెలుతురుకి పెట్టి చూశాడు. వంక దొరకలేదు. మళ్ళీ వచ్చి చక్రం దగ్గర నేల మీదే కూర్చున్నాడు.

"ఎన్నిటికి పెట్టానో ఆ చుక్క," అన్నాడు నాతో. మామూలుగా నాతో మాట్లాడే గొంతు కాదది. "చుట్టూ రేకు వేస్తే నడిచేవి అందులో ఎన్ని ఉన్నాయో. ఒక్కడికీ చెప్పలేదోయ్ నేను, ఇంత తేడా వచ్చింది, ఇలా సరిచేసుకో అని."

ఆయన్ని ఏడిపించడానికి నా దగ్గర ఎన్నాళ్ళనుంచో దాచుకున్న మాటలున్నాయి. అయినా ఆ పెద్దమనిషిని చూస్తే జాలేసింది.

ఆయన తలెత్తి అక్క వైపు చూశాడు. "అయితే నాకు కూడా ఎక్కడో రేకు పెట్టే నెట్టుకొస్తున్నావన్నమాట ఇన్నేళ్ళూ."

"ఒక్కటేనా?" అంది అక్క.

నేను గుండీల్లో మొహం దాచుకున్నాను. ఆయనకీ నవ్వొచ్చింది గానీ మింగేశాడు. వేలితో బుష్ అంచు తడిమాడు. "మందం సరిగ్గా కుదిరింది. నా కట్టల్లో ఈ మందం లేదు, ఇంట్లో మూతలన్నీ నేనే కోసేశాను కదా, మరి ఈ రేకెక్కడిది?"

అక్క సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చుంది. ఆయనకేదో తట్టింది. లేచి వెనక గదిలోకి వెళ్ళి ఎర్రరంగు డబ్బా పట్టుకొచ్చాడు. పట్టుకురావడమంటే కుంచె పట్టుకుని ఎత్తాడు, దానితో పాటు డబ్బా కూడా లేచొచ్చింది. మూత లేక రంగంతా గడ్డకట్టి, కుంచె అందులోనే బిగుసుకుపోయింది.

"కొత్త డబ్బా కొనాలి," అన్నాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"దేనికి?" అంది అక్క.

ఆయన ఆలోచించాడు. డబ్బాని కుంచెతో అలాగే వేలాడేసుకుని చాలాసేపు ఆలోచించాడు. ఈలోపు అక్క ఇంకో చొక్కా చెయ్యి సూది కిందికి పెట్టి తొక్కడం మొదలుపెట్టింది.